ఇచ్ఛాపురంలో నలభై సీసాలు

అందరికీ నమస్కారం. బరంపురంలో మన మీటింగులన్నీ ఒడియాలో మొదలై తెలుగులో తేలతాయి. నేను మొదటి నుంచీ తెలుగులోనే కానిచ్చేస్తాను.

ఇక్కడున్న వాళ్లలో సగం మంది ఏదో ఒక స్టార్టప్ పోటీకి పీపీటీ చేస్తున్నారట, మీ సార్ చెప్పారు. నేనూ చేశాను. డిగ్రీ ఆఖరి ఏడాది మా అమ్మ పెట్టే ఆవకాయ మీద 18 స్లయిడ్లు చేసి రెండో బహుమతి కొట్టాను. ఐదేళ్లలో ఎన్ని రాష్ట్రాలకు వెళ్తావని జడ్జీలు అడిగితే ఐదు అన్నాను, చప్పట్లు కొట్టారు. ఇప్పటిదాకా ఎవరు కొన్నారని మాత్రం ఒక్కరూ అడగలేదు, అడిగి ఉంటే మా మేనత్త పేరు ఒక్కటే చెప్పాల్సొచ్చేది.

తర్వాత నిజం ఆర్డరు వచ్చింది, ఇచ్ఛాపురంలో ఒక కిరాణా కొట్టు నుంచి, 40 సీసాలు. సంచులతో బస్సు దిగి వెళ్తే కొట్టాయన, "జీఎస్టీ నంబరేది బాబూ?" అన్నారు. ఇచ్ఛాపురం మనకి పెళ్లిళ్లకీ పేరంటాలకీ వెళ్లొచ్చే ఊరే గానీ, కాగితం మీద అది ఆంధ్ర, మన బరంపురం ఒడిశా. సరుకు రాష్ట్రం దాటిస్తే వ్యాపారం ఎంత చిన్నదైనా మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. అవే సీసాలు ఎక్కడో ఉన్న భువనేశ్వర్ తీసుకెళ్లి అమ్మితే ఏడాదికి అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. పోనీ చిన్న వ్యాపారులు అమ్మకాల మీద తక్కువ శాతం పన్ను కట్టేసే కాంపోజిషన్ స్కీములో చేరదామంటే, అందులో ఉన్నవాళ్లు పక్క రాష్ట్రానికి అమ్మకూడదు. చేనేత, హస్తకళలకు కొంత మినహాయింపు ఉంది, పట్టు నేసే ఇళ్ల పిల్లలు అది కనుక్కోండి. నలభై సీసాలూ మళ్లీ బస్సెక్కాయి. కండక్టరు లగేజీ టికెట్ కూడా కొట్టాడు.

యూనివర్సిటీ పనికొచ్చేది ఇక్కడే. పోటీలు పెట్టమనండి, వద్దనను, కానీ ఏడాదికి ఒక్కసారైనా ఒక ఆడిటర్ని, ఫుడ్ లైసెన్సు తెలిసినవాళ్లని, సరిహద్దుకి అటూ ఇటూ ఇద్దరు కిరాణా వ్యాపారులని పిలిచి కూర్చోబెట్టమని అడగండి. విద్యాసంస్థల కోసం 2019లో కేంద్రం ఒక స్టార్టప్ విధానం తెచ్చింది. కాలేజీ అడ్రసు మీద విద్యార్థి కంపెనీ రిజిస్టరు చేసుకోవచ్చు, అనుమతి ఉంటే హాజరు తక్కువైనా పరీక్ష రాయనివ్వొచ్చు, ఒక సెమిస్టరు ఆపి మళ్లీ చేరొచ్చు, ఇవన్నీ అందులో ఉన్నాయి. అయితే అవి సూచనలే, మీ కాలేజీ తన రూల్సులో రాసుకుంటేనే మీకు అందుతాయి. రాసుకుందో లేదో ఆఫీసుకెళ్లి అడగండి. నేను చదివే రోజుల్లో ఇలాంటిది ఏది అడిగినా ఆఫీసులో "రేపు రా" అనేవారు, ఆ రేపు వచ్చేలోపు నా డిగ్రీ అయిపోయింది.

ఇంకోటి. సంస్థ చేసిన సాయాన్ని బట్టి మీ కంపెనీలో 2 నుంచి 9.5 శాతం వాటా తీసుకోవచ్చని అదే విధానం చెబుతుంది. ల్యాబు, ప్రొఫెసరు గారి పరిశోధన వాడుకుంటే ఇవ్వడం న్యాయమే. ఒక గది, ఒక వైఫై ఇచ్చి తొమ్మిదిన్నర అంటే మాత్రం, మామిడికాయలు ఎవరు తరిగారని మర్యాదగా అడగండి. సంతకం పెట్టకముందే అడగాలి సుమా.

అప్పు సంగతి టూకీగా చెప్తాను. చిన్న వ్యాపారాలకి అప్పులిచ్చే కేంద్ర పథకం ముద్రలో, శిశు అనే విభాగం కింద 50 వేల దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. మొదటి బ్యాచ్ సీసాలకి, మూతలకి, లేబుళ్లకి అది చాలు. లేబుల్ మీద ఫుడ్ లైసెన్సు నంబరు మరిచిపోకండి, నేను మరిచిపోయి 500 లేబుళ్లు మళ్లీ అచ్చు వేయించాను.

టీ వచ్చినట్టుంది. వెనక బల్ల మీద మూడు సీసాలు పెట్టాను, రుచి చూసి ఉప్పెక్కువైతే మొహమాటపడకుండా చెప్పండి. జీఎస్టీ డౌట్లున్నవాళ్లు నా పక్కకొచ్చి కూర్చోండి.