మూర్ఛ మందు మధ్యలో ఆగకూడదు

అందరికీ నమస్కారం. బెంగళూరులో ఆదివారం ఉదయం నిద్ర మానుకుని, మూర్ఛ గురించి వినడానికి ఇంతమంది తెలుగువారు వచ్చారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది. నేను డాక్టరును కాను. ఆసుపత్రిలో మందులిచ్చే ఫార్మసిస్టును. డాక్టరు గారు చీటీ రాసి పంపాక మాత్రల సంగతి ఏమవుతుందో మాకు కౌంటర్ దగ్గర తెలుస్తుంది. నెల రోజుల మాత్రలు తీసుకెళ్లిన మనిషి నలభై రోజులకు తిరిగి వస్తే, ఆ పది రోజులూ ఏమి వేసుకున్నారని అడుగుతాం. ఈ రోజు నేను మాట్లాడేది ఆ పది రోజుల గురించే.

మూర్ఛ అరుదైన జబ్బు కాదు. ప్రపంచంలో సుమారు 5 కోట్ల మందికి ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. జబ్బును సరిగ్గా గుర్తించి సరైన వైద్యం అందిస్తే, వారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరని కూడా అదే సంస్థ చెబుతోంది. ఇక్కడి నిమ్హాన్స్ అనే మానసిక, నరాల వైద్య సంస్థ వైద్యులు బెంగళూరు నగరంలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ లక్షమందికి పైగా జనాన్ని పరిశీలించి, 2004లో ఫలితాలు ప్రచురించారు. వెయ్యి మందిలో దాదాపు 9 మందికి మూర్ఛ ఉందని తేలింది. పల్లెల్లో ఆ లెక్క నగరం కంటే రెట్టింపు.

మందు ఖరీదైనదే కానక్కర్లేదు. బెంగళూరు నరాల వైద్యుడు డాక్టర్ కె.ఎస్. మణి బృందం చామరాజనగర్ జిల్లా యళందూరు పల్లెల్లో ఫినోబార్బిటోన్, ఫెనిటోయిన్ అనే రెండు పాత, చవక మందులతోనే ఏళ్ల తరబడి వైద్యం చేసి, వాటితోనూ ఫిట్స్‌ను అదుపు చేయవచ్చని చూపించింది. ఆ ఫలితాలు 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చాయి. ఫినోబార్బిటోన్ 1912 నుంచీ వాడుకలో ఉన్న మందు. కాబట్టి చాలామంది ఇళ్లలో కొరత మందుది కాదు, రోజూ వేళకు వేసుకోవడానిది.

మీ అపార్ట్‌మెంట్ మీద నీళ్ల ట్యాంకు ఉంటుంది. అందరూ నీళ్లు వాడుకుంటూనే ఉంటారు, మోటారు వేళకు నడుస్తుంది కాబట్టి మట్టం నిలుస్తుంది. రక్తంలో మందు కూడా అంతే. లెవెటిరాసెటమ్ అనే మూర్ఛ మందు పెద్దవారి ఒంట్లో ఆరు నుంచి ఎనిమిది గంటల్లోనే సగానికి తగ్గిపోతుంది. అందుకే మామూలు మాత్రను పూటకొకటి చొప్పున రెండు పూటలా ఇస్తారు. ఫినోబార్బిటోన్ సగానికి తగ్గడానికి కొన్ని రోజులు పడుతుంది. పక్కింటి ఆయన ఒక పూట మరిచిపోయినా ఏమీ కాలేదు కదా అని మీరు ధైర్యం తెచ్చుకోకూడదు. ఆయన మందు వేరు, మీ మందు వేరు.

మన తెలుగువాళ్లకు ఈ ఊళ్లో మందు ఎక్కడ తప్పుతోంది? నేను చూసినంతలో మొదటిది రాత్రి బస్సు. శుక్రవారం ఆఫీసు నుంచి నేరుగా మడివాళ వెళ్లి కర్నూలుకో నెల్లూరుకో బస్సెక్కుతారు. మాత్రలు పీజీ గదిలో ఉండిపోతాయి. పైగా ఆ రాత్రి సరిగా నిద్ర ఉండదు. మందు తప్పడం, నిద్ర తప్పడం రెండూ ఒకే రాత్రి జరిగితే ఫిట్స్‌కు అంతకంటే అనువైన వేళ ఉండదు. పండక్కి వెళ్లేవారు ఆఫీసు సంచిలో ఎప్పుడూ వారానికి సరిపడా మాత్రలు, చీటీ ఫోటో ఫోనులో ఉంచుకోండి. మారతహళ్లిలో సులువుగా దొరికే మందు మీ ఊరి షాపులో దొరకకపోవచ్చు.

రెండోది శివరాత్రి. ఉపవాసం, జాగారం కలిసి వస్తాయి. మాత్ర వేసుకోవడానికి గుక్కెడు నీళ్లు తాగితే ఏ దేవుడూ తప్పు పట్టడని నా నమ్మకం. జాగారం మాత్రం మూర్ఛ ఉన్నవారు చేయవద్దు, దయచేసి. ఇంట్లో పెద్దవాళ్లు ఆ మాట ముందుగా చెప్పాలి. పిల్లలు తమంతట తాము అడగలేరు.

మూడోది దాచుకోవడం. గదిలో తోటివాళ్లు చూస్తారని మాత్ర మానేసిన పిల్లలు నాకు తెలుసు. వాళ్లమీద నాకు కోపం లేదు. ఆ భయాన్ని పెంచింది మనమే.

మరిచిపోతే ఏం చేయాలని అందరూ అడుగుతారు. గుర్తుకు రాగానే వేసుకోవాలి. తరువాతి మాత్ర వేళ దగ్గరపడితే మరిచినదాన్ని వదిలేసి, మామూలు వేళకు మామూలు మోతాదే వేసుకోవాలి. రెండూ కలిపి మింగవద్దు. ఫెనిటోయిన్ విషయంలో ఇది మరీ ముఖ్యం. దాని మోతాదు కొద్దిగా పెరిగినా రక్తంలో మందు చాలా ఎక్కువగా పెరగవచ్చు. నడక తూలడం, ఒకటి రెండుగా కనిపించడం దాని గుర్తులు. లామోట్రిజిన్ అనే మరో మూర్ఛ మందుతో ఇంకో చిక్కు ఉంది. కొన్ని రోజులు ఆగిపోయాక పాత మోతాదుతో ఒక్కసారిగా మొదలుపెట్టకూడదు, చర్మానికి ప్రమాదకరమైన దద్దుర్లు రావచ్చు. డాక్టరు గారు మళ్లీ తక్కువ నుంచి పెంచుతారు. ఏ మూర్ఛ మందు మొదలుపెట్టాకైనా జ్వరంతో దద్దుర్లు, నోట్లో పుండ్లు కనిపిస్తే మరుసటి రోజు దాకా ఆగకండి. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

మాత్రల పెట్టె గురించి కూడా చెప్పాలి. వారం రోజుల మాత్రలు గదుల పెట్టెలో సర్దుకునే అలవాటు మంచిదే, కానీ సోడియం వాల్ప్రోయేట్ అనే మూర్ఛ మందు గాలిలో తేమను పీల్చుకుంటుంది. దాన్ని పట్టీ నుంచి ముందుగా తీయకండి. పట్టీతో సహా ముక్కగా కత్తిరించి పెట్టెలో వేసుకోండి. కార్బమజెపిన్ అనే మూర్ఛ మందుకు కూడా తేమ పడదు. బాత్‌రూము అద్దం వెనుక అరలో ఏ మందూ వద్దు. నెమ్మదిగా కరిగే మాత్రలను నమలకండి, నలగ్గొట్టకండి. అదుపులో ఉన్నవారు కంపెనీని కూడా ఊరికే మార్చవద్దు. షాపులో వేరే పట్టీ ఇస్తే అడగండి, ఆ హక్కు మీది.

దగ్గుకో, నడుము నొప్పికో షాపులో అడిగి మందు తెచ్చుకుంటాం కదా. ట్రామడోల్ అనే నొప్పి మందు ఫిట్స్ రప్పించగలదు. సిప్రోఫ్లాక్సాసిన్, ఆఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్‌లు కూడా అంతే. క్షయ మందు మొదలుపెట్టిన మనిషికే మూర్ఛ కూడా ఉంటే ఆ సంగతి ఇద్దరు డాక్టర్లకూ తెలియాలి. క్షయ మందుల్లో రిఫాంపిసిన్ మూర్ఛ మందుల మట్టాన్ని తగ్గించగలదు, ఐసోనియాజిడ్ ఫెనిటోయిన్ మట్టాన్ని పెంచగలదు.

ఇప్పుడు ఆడపిల్లల తల్లిదండ్రులు కొంచెం ఎక్కువ శ్రద్ధగా వినండి. 1976 సవరణతో మన హిందూ వివాహ చట్టంలో పదే పదే వచ్చే పిచ్చితో పాటు మూర్ఛ కూడా పెళ్లికి అడ్డంకిగా చేరింది. 1999లో పార్లమెంటు ఆ మాటను తీసేసింది. చట్టంలోంచి పోయి ఇన్నేళ్లయినా పెళ్లిచూపుల్లో మాత్రం పోలేదు. అందుకని జబ్బు దాచి పెళ్లి చేస్తారు. కొత్త కోడలు అత్తవారింట్లో మాత్రలు ఎక్కడ వేసుకుంటుంది? వంటింట్లోనా, పడక గదిలోనా? మానేస్తుంది. పెళ్లి హడావుడి, నిద్రలేమి, మందు లేకపోవడం. పెళ్లయిన కొత్తలో వచ్చే ఫిట్స్‌కు కారణం ఇదే కావడం నేను ఎన్నోసార్లు చూశాను. చెప్పి చేసిన పెళ్లిలో ఆ అమ్మాయి మాత్రను భర్త కూడా గుర్తుచేస్తాడు. ఆ తేడా ప్రాణానిది.

ఇంకొక ముఖ్యమైన విషయం. గర్భిణి వాల్ప్రోయేట్ వాడితే పది మంది పిల్లల్లో సుమారు ఒకరికి పుట్టుకతో లోపాలు, వందలో 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, చదువులో ఇబ్బందులు రావచ్చు. లామోట్రిజిన్, లెవెటిరాసెటమ్ ఆ విషయంలో చాలా మెరుగు. కాబట్టి అమ్మాయికి వాల్ప్రోయేట్ నడుస్తుంటే పెళ్లికి ముందే, గర్భానికి చాలా ముందే డాక్టరు గారితో మాట్లాడండి. గర్భం వచ్చాక తెలిసిందా, భయపడి ఆ రాత్రే మాత్ర ఆపేయవద్దు. పెద్ద ఫిట్స్ తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ముప్పు. వెంటనే డాక్టరు గారి దగ్గరకు వెళ్లండి. కార్బమజెపిన్, ఫెనిటోయిన్ వాడేవారికి గర్భనిరోధక మాత్రలు సరిగా పనిచేయకపోవచ్చని కూడా గుర్తుంచుకోండి.

కర్ణాటకలో ఎక్కువగా కనిపించే ఒక రకం మూర్ఛ మన ఇళ్లలోనూ ఉంది. నెత్తిమీద వేడి నీళ్లు చెంబులతో గబగబా పోసుకున్నప్పుడు వచ్చే ఫిట్స్ అవి. నిమ్హాన్స్ వైద్యులు దీని మీద చాలా ఏళ్లు పనిచేశారు. నీళ్ల వేడి తగ్గించి, నెమ్మదిగా తుడుచుకున్నట్టు తలస్నానం చేస్తే చాలామందికి తగ్గుతుంది. కొందరికి తలస్నానానికి ముందు క్లోబజామ్ అనే మూర్ఛ మాత్ర వేసుకోమని డాక్టరు గారు చెబుతారు. పిల్లవాడికి ఆదివారం తలంటు రోజునే ఫిట్స్ వస్తున్నాయంటే దిష్టి తీయించే ముందు ఈ మాట డాక్టరు గారికి చెప్పండి.

మందు ఎప్పుడు ఆపవచ్చని అడుగుతారు. సాధారణంగా కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిచాక డాక్టరు గారు ఆలోచిస్తారు, అదీ నెలల మీద మెల్లగా తగ్గిస్తూ. కొన్ని రకాల్లో ఆపితే మళ్లీ వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఆ నిర్ణయం మీ బాబాయి గారిది కాదు, నాది కూడా కాదు.

ఎదుట ఎవరికైనా ఫిట్స్ వస్తే తాళాల గుత్తి, ఉల్లిపాయ, చెప్పు ఏదీ వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిది పెట్టండి, నోట్లో ఏదీ దూర్చకండి, నీళ్లు పోయకండి, గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా 108కి ఫోను చేయండి. ఇంట్లో తరచూ ఫిట్స్ వచ్చేవారుంటే ఫిట్స్‌ను ఆపడానికి ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే గురించి డాక్టరు గారిని అడగండి, వాడే తీరు ఇంట్లో ఇద్దరికైనా తెలిసి ఉండాలి.

మాత్రల పట్టీలు, చీటీలు వెంట తెచ్చుకున్నవారు మధ్యాహ్నం వరకు ఆ బల్ల దగ్గరకు రండి, ఒక్కొక్కటిగా చూద్దాం. గర్భిణులు, చిన్నపిల్లల తల్లులు ముందు రండి.