ఆటల టైమ్‌లో ఆడేది ఎంతమంది?

(మొదటి షాట్: అపార్ట్‌మెంట్ సెల్లార్. స్తంభాల మధ్య కాస్త ఖాళీ. ఒక బకెట్, ఒక రబ్బరు బంతి.)

పోయిన నెలలో ఒకరోజు ఆఫీసు నుంచి తొందరగా బయటపడి, ఐదుంపావుకే డేకేర్‌కి వెళ్ళాను. రోజూ నేను వెళ్ళేసరికి ఏడవుతుంది. అప్పటికి మా పాప బ్యాగు తగిలించుకుని టీవీ ముందు కూర్చుని ఉంటుంది. ఆ రోజు మాత్రం సెల్లార్‌లో ఆటలు నడుస్తున్నాయి. గోడ మీది టైమ్ టేబుల్‌లోనూ అదే ఉంది: 5 నుంచి 5.45 వరకు ఆటలు.

18 మంది పిల్లలు, ఒక్క బంతి. వరసలో నిలబడాలి, వంతు రాగానే బంతిని బకెట్‌లోకి విసరాలి, మళ్ళీ వెనక్కి వెళ్ళి నిలబడాలి. ఆయా కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటోంది.

దారిలో అడిగాను, "ఇవాళ ఏం ఆడావే?" అని. "లైన్ ఆట" అంది.

(స్క్రీన్ మీద: 60 నిమిషాలు)

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా, చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. వారంలో కనీసం 3 రోజులు ఎముకలకీ కండరాలకీ బలాన్నిచ్చే గెంతడం, ఎక్కడం లాంటివి ఉండాలి. మన దేశంలో 11–17 ఏళ్ళవాళ్ళలో నూటికి 74 మందికి ఆ గంట దక్కడం లేదని 2016 నాటి లెక్క. స్కూల్ వదిలేది మూడున్నరకి. డిసెంబరులో హైదరాబాద్‌లో ఐదూముప్పావుకే పొద్దుగూకుతుంది. పిల్లలకి దొరికే వెలుతురంతా ఆ రెండుంపావు గంటలే. అది కాస్తా డేకేర్‌లోనో ట్యూషన్‌లోనో గడిచిపోతోంది.

డేకేర్‌లో చేర్చేటప్పుడు మనందరం అడిగేది ఒకటే: "ఎంతసేపు ఆడిస్తారండీ?" నేనూ అదే అడిగాను. ముప్పావుగంట అన్నారు. నిజమే చెప్పారు కూడా. తప్పు నా ప్రశ్నలోనే ఉంది.

(షాట్: చేతిలో చిన్న నోట్‌బుక్, పెన్ను.)

ఆట స్థలాల్లో జనం ఎంత కదులుతున్నారో తెలుసుకోవడానికి పరిశోధకులు వాడే పద్ధతి ఒకటుంది, పేరు సోప్లే. ఎవరైనా చేసేయొచ్చు. ఒకచోట నిలబడి ఎడమ నుంచి కుడికి ఒక్కసారి చూపు తిప్పాలి. కూర్చున్నవాళ్ళు, నిలబడ్డవాళ్ళు కలిపి ఎందరు? నడిచేవాళ్ళు ఎందరు? గట్టిగా కదిలేవాళ్ళు ఎందరు? ఆడపిల్లలకి ఒకసారి, మగపిల్లలకి ఒకసారి విడివిడిగా లెక్క. విడిగా ఎందుకంటే, కలిపి లెక్కిస్తే బోలెడు పరుగులు కనిపిస్తాయి. విడదీస్తే ఆ పరుగులన్నీ మగపిల్లలవేననీ, ఆడపిల్లలు స్తంభం పక్కన కబుర్లాడుతున్నారనీ తేలొచ్చు.

ఆ రోజు సెల్లార్‌లో ఏ క్షణం చూసినా కదులుతున్నది ఇద్దరు. బంతి వేసేవాడొకడు, వేసి వెనక్కి వెళ్ళేవాడొకడు. ముప్పావుగంటని 18 మందికి పంచితే మా పాపకి ఎంతొచ్చి ఉంటుందో మీరే వేసుకోండి.

అమెరికాలోని సౌత్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు స్కూల్ అయ్యాక నడిచే కేంద్రాల మీదే పనిచేసి, పిల్లల కదలికని ఆపేసేవేమిటో గుర్తించారు. వరసలు, అవుట్ చేయడం, పెద్ద పెద్ద టీమ్‌లు, ఆటలో దిగని పిల్లలూ టీచర్లూ, ఇక చోటు, సామాను, నియమాలు. వీటిని సరిచేస్తే ఉన్న ఆటలతోనే, ఉన్న టైమ్‌లోనే కదలిక పెరుగుతుందంటారు. కొత్త కోచ్ అక్కర్లేదు, ఫీజు పెంచనక్కర్లేదు.

నాకు వీటిలో బాగా గుచ్చుకున్నది అవుట్.

కుర్చీలాట గుర్తు చేసుకోండి. అందరికంటే ముందు ఎవరు అవుటవుతారు? నెమ్మదిగా కదిలేవాడు, కాస్త బొద్దుగా ఉన్నవాడు, ఆయాసపడేవాడు. ఎవరికి ఆట ఎక్కువ కావాలో వాణ్ణే అందరికంటే ఎక్కువసేపు గోడ పక్కన కూర్చోబెడతాం. ఈ లోపం లేని ఆటలు మన దగ్గరే ఉన్నాయి. కబడ్డీలో అవుటైనవాడు తన జట్టు అవతలివాణ్ణి ఔట్ చేస్తే తిరిగి లోపలికొస్తాడు. ఐస్-వాటర్‌లో దొంగ ముట్టుకుంటే బిగుసుకుపోతాడు, ఇంకొకడొచ్చి "వాటర్" అంటే మళ్ళీ పరుగే. మిగతా ఆటలకీ ఇదే పెట్టొచ్చు: అవుటైతే గేటు దాకా కుంటుకుంటూ వెళ్ళి రా, మళ్ళీ ఆటలో చేరు.

ఖోఖో అంటే ఒళ్ళు హూనమయ్యే ఆట అనుకుంటాం. ఒక్క క్షణం ఆపి చూడండి. గళ్ళలో కూర్చున్నవాళ్ళు 8 మంది, తరిమేవాడు ఒకడు, తప్పించుకునేవాళ్ళు ముగ్గురు. 12 మందిలో లేచి ఉన్నది నలుగురే. చిన్నపిల్లలకి వరసని నాలుగు గళ్ళకి కుదించి, పక్కనే రెండో వరస పెడితే సరి. తొక్కుడుబిళ్ల కూడా అంతే. ఒక గడిలో ఒకరు గెంతుతుంటే ఏడుగురు చూస్తుంటారు. ఒకే చాక్‌పీసుతో మూడు గీయొచ్చు. గల్లీ క్రికెట్‌లో బంతి బ్యాటుకి తగిలితే పరుగెత్తాల్సిందేనని నియమం పెట్టండి. దొంగాటల్లో పంటలేసి దొంగని తేల్చేసరికే సగం టైమ్ పోతుంది, దొంగలు ఇద్దరుండనివ్వండి.

ఎండాకాలం ఐదింటికి కూడా సెగ తగ్గదు. నీడ చూసుకోవాలి, మధ్యలో నీళ్ళు తాగించాలి. కింద ఫ్లోర్ వాళ్ళు దబదబల గురించి కంప్లైంట్ చేస్తారు కాబట్టి గెంతులాటలు నేల మీదే, గదిలో వద్దు.

(షాట్: హోంవర్క్ పుస్తకం.)

"హోంవర్క్ అవ్వలేదు, ఇవాళ ఆట కట్." ఈ శిక్ష మాత్రం ఆపించండి. మార్కుల టెన్షన్ ఉన్నవాళ్ళు ఇది వినండి. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో 7–9 ఏళ్ళ పిల్లలు 221 మందిని తీసుకుని, కొందరికి 9 నెలలపాటు స్కూల్ అయ్యాక రోజూ 70 నిమిషాలకు తక్కువ కాకుండా ఒళ్ళు కదిలే ఆటలు ఆడించారు. మిగతావాళ్ళని తమ వంతు వచ్చేదాకా ఆగమన్నారు. ఫలితాలు 2014లో వచ్చాయి. ఆడినవాళ్ళు దృష్టి చెదరకుండా చూసుకోవడంలో, ఒక పని నుంచి ఇంకో పనికి మళ్ళడంలో ఎక్కువ మెరుగుపడ్డారు. మార్కులు పెరిగాయని నేననడం లేదు. ఆట వల్ల బుర్ర పాడవలేదని మాత్రం గట్టిగా చెప్పొచ్చు.

డేకేర్ మేడమ్‌గారితో ఇవన్నీ ఏకరువు పెట్టలేదు. "మేడమ్, ఆటల టైమ్‌లో ఒక్క ఐదు నిమిషాలు నాతో నిలబడతారా?" అన్నాను. ఇద్దరం లెక్కపెట్టాం. ఆవిడే ఆయాని పిలిచి చాక్‌పీసు చేతికిచ్చారు.

రెండు వారాల తర్వాత మళ్ళీ ఐదుంపావుకి వెళ్ళాను. ఆయా చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పిల్లలకి గెంతడం చూపిస్తోంది. వాళ్ళ ఊళ్ళో నేర్చుకున్న ఆటలు మా అందరికంటే ఆమెకే ఎక్కువ వచ్చట, ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు. వాచ్‌మన్ గేటు వదిలి వచ్చి చూస్తున్నాడు. ఎడమ నుంచి కుడికి లెక్కపెట్టాను: 18లో 13. మిగిలిన ఐదుగురిలో ఒకడు షూ లేసు కట్టుకుంటున్నాడు.