నమ్మినవాళ్లను ఎంతకాలం ఆపుదాం?

(నరసాపురం ప్రాంత సంఘ పెద్దలు, సేవకుల కూటంలో చేసిన ప్రసంగం)

ప్రభువునందు ప్రియమైన పెద్దలకు, సేవకులకు, అక్కచెల్లెళ్లకు వందనాలు.

ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తూ, ప్రార్థనలో కన్నీళ్లు పెట్టుకుంటూ, రొట్టె విరిచే ప్రభువు బల్ల వేళకు మాత్రం వెనకే కూర్చుండిపోయేవాళ్లు మన ఊళ్లన్నిటా ఉన్నారు. ఏమ్మా, బాప్తిస్మం తీసుకోలేదా అంటే, "అయ్యగారు ఇంకా ఆగమన్నారండి" అంటారు. ఒకరికి పాఠాలు పూర్తి కాలేదు. ఒకాయన చుట్ట మానలేదు. ఒకావిడ బొట్టు తీయలేదు. మరొకరికి, వేసవి కదా, కాలవలు కట్టేశారు, నీళ్లొదిలాక చూద్దామన్నారు. ఆ నీళ్లు వచ్చి పోయి, మళ్లీ వేసవి వస్తోంది.

లూథరన్, సీఎస్ఐ సంఘాల్లో పసిపిల్లలకు ఇచ్చే బాప్తిస్మం గురించి ఈ రోజు మాట్లాడను. పెద్దయ్యాక నమ్మి వచ్చినవాళ్ల సంగతే నా భారం.

పెంతెకొస్తు రోజున వాక్యం అంగీకరించిన సుమారు మూడు వేలమంది ఆ రోజే బాప్తిస్మం పొందారు. వాళ్లు యూదులు, లేఖనాలు ముందే తెలిసినవాళ్లు కదా అని మనం అంటాం. దారిలోనే బాప్తిస్మం పొందిన ఐతియోపీయుడైన నపుంసకుడు కూడా రథంలో యెషయా గ్రంథం చదువుకుంటున్నాడు. సరే. మరి ఫిలిప్పీ చెరసాల నాయకుడు? అర్ధరాత్రి భూకంపం వచ్చి కత్తి దూసి చావబోయిన రోమా ఉద్యోగి. పౌలు, సీల అతనికీ ఇంటివారికీ వాక్యం బోధించారు, అతను వాళ్ల గాయాలు కడిగాడు, ఆ రాత్రే ఇంటిల్లిపాదీ బాప్తిస్మం పొందారు. తెల్లారేదాకా కూడా ఆగలేదు.

తొందరపడితే దొంగ విశ్వాసులు వస్తారన్న భయం మనకుంది. సమరయలో గారడీ సీమోను వచ్చాడు కూడా. బాప్తిస్మం పొందాక డబ్బిచ్చి దేవుని వరం కొనబోయాడు. పేతురు అతన్ని గట్టిగా గద్దించి, మారుమనస్సు పొందమన్నాడు. తొందరపడి ఎందుకిచ్చావని, అక్కడ సువార్త చెప్పిన ఫిలిప్పును ఎవరూ అడగలేదు.

తర్వాతి శతాబ్దాల్లో ఆలస్యం పెరిగింది. హింసల కాలంలో మూడేళ్లు బోధ వినాలన్న నియమం వచ్చింది. దాన్ని చెప్పిన 'అపొస్తలిక సంప్రదాయం' అనే పాత గ్రంథమే, శ్రద్ధ ఉన్నవాడి విషయంలో కాలాన్ని కాదు, నడవడిని చూడమంది. మనం కాలాన్ని పట్టుకుని ఆ మాట వదిలేశాం. చక్రవర్తి కాన్‌స్టంటైన్ అయితే 337లో మరణపడక మీద బాప్తిస్మం తీసుకున్నాడు.

ఆగాల్సిన సందర్భాలు లేవని అనను. ధాత నామ సంవత్సరపు కరువు రోజుల్లో ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలితో వచ్చినవాళ్లకు పని చూపించారు. బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు. కూలి కోసం ఎవరూ నీళ్లలోకి దిగకూడదని ఆయన పట్టుదల. కరువు సాయం ఆగాక కూడా జనం వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది. ఆయన చూసింది వాళ్ల స్వేచ్ఛను. మనం చూస్తున్నది వాళ్ల అర్హతను. ఈ తేడా నన్ను చాలా బాధిస్తోంది. బాప్తిస్మం బడిలో చేరే రోజు, మనం దాన్ని పరీక్ష పాసయ్యే రోజు చేసేశాం. మత్తయి 28లో ప్రభువు బాప్తిస్మమిచ్చి, ఆజ్ఞాపించిన వాటన్నిటినీ బోధించమన్నాడు. పాఠాలు తర్వాత కూడా ఉన్నాయి. ఆ బాధ్యత మనది.

పెళ్లి కుదిరిందని శనివారం ముంచి సోమవారం తాళి కట్టించడం మాత్రం దయచేసి మానండి. అక్కడ తొందర పెళ్లిదే.

మన డెల్టాలో గట్టిగా ఎవరూ అనని టెన్షన్ ఇంకొకటుంది, కుల సర్టిఫికెట్. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, తర్వాతి సవరణలతో కలిపి, ఎస్సీ హోదాను హిందూ, సిక్కు, బౌద్ధ మతాలవారికే ఇస్తుంది. క్రైస్తవులైన ఎస్సీలు మన రాష్ట్రంలో బీసీ-సి. చదువుకునే కుర్రాడికి, ఉద్యోగం కోసం చూసే అమ్మాయికి ఇది చిన్న విషయం కాదు. ఈ చట్టం అన్యాయమని నా నమ్మకం. అయినా, రిజిస్టర్లో రాయకుండా కానిచ్చేద్దామని ఎవరికీ చెప్పకండి. నీళ్లలోకి దిగకముందే ఉన్నదున్నట్టు చెప్పండి. గోపురం కట్టేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువే అన్నాడు. ఆ లెక్క కోసం వాళ్లు ఎన్నాళ్లు అడిగితే అన్నాళ్లు ఇవ్వండి. ఆలోగా బల్లకు రాలేదని, విశ్వాసం లేదని వాళ్లను తక్కువగా చూడకండి. ఇంట్లోవాళ్లు ఒప్పుకోక ఆగినవాళ్లతోనూ అంతే, వీలైతే వెళ్లి ఆ తల్లిదండ్రులతో మర్యాదగా కూర్చుని మాట్లాడండి.

మిగిలినవాళ్లను ఆపకండి. యేసు ప్రభువని నోటితో ఒప్పుకున్నారా, పాపం విడిచి ఆయన వెంట నడవాలనుకుంటున్నారా, ఎవరి బలవంతమూ ఆశా లేకుండా అడుగుతున్నారా? ఆ వారంలోనే కూర్చోబెట్టి, బాప్తిస్మం అంటే ఏమిటో చెప్పి, ఇవ్వండి. కాలవ ఎండితే మందిరంలో తొట్టె కట్టించండి. వశిష్ఠ గోదావరిలో ఎర్రనీరు పోటు మీదుంటే రేవులోకి ఎవర్నీ దింపకండి, ఆ రోజుల్లోనూ తొట్టే వాడండి. ఖర్చు భరించలేని చిన్న సంఘాలవాళ్లు కూటం అయ్యాక నన్ను కలవండి, పక్క సంఘాల తొట్టెలు వాడుకునే ఏర్పాటు ఈ రోజే చేసుకుందాం.