రబ్బరు ఎందుకు ఆగింది? పిల్లలూ, యానిమేషనూ, కథ చెప్పడమూ

[దృశ్యం: బల్ల మీద తెల్ల కాగితం. పెన్సిల్ గీతలు చెరిపే రబ్బరు ఒకటి కాస్త కాస్తగా జరుగుతూ కాగితం అంచు దాకా వస్తుంది. ఆగుతుంది. కిందికి తొంగిచూస్తున్నట్టు వంగుతుంది. గబుక్కున వెనక్కి తగ్గుతుంది.]

వాయిస్: దీనికి కళ్లు లేవు, నోరు లేదు. అయినా భయపడిందని మీకు తెలిసిపోయింది. దూకుతుందా లేదా అని ఎదురుచూస్తున్నారు కూడా!

ఇది మూడు సెకన్ల వీడియో. రబ్బరును కాస్త జరపడం, ఒక ఫొటో తీయడం, మళ్లీ జరపడం. 36 ఫొటోలు, అంతే. ఫోను కదలకుండా నిలబెట్టి ఇస్తే ఎనిమిదేళ్ల పిల్లలు ఒక్క పూటలో తీసేస్తారు.

పిల్లలకు యానిమేషన్ అనగానే పెద్దవాళ్లు మంచి కంప్యూటర్ కొనాలా, ఏ సాఫ్ట్‌వేర్, ఏ కోర్సు అని మొదలుపెడతారు. అవన్నీ తర్వాత చూసుకోవచ్చు. జాన్ బార్న్స్ లిన్నెట్ ఇంగ్లండ్‌లో ఫ్లిప్ బుక్‌కి పేటెంట్ తీసుకున్నది 1868లో. అప్పటికి సినిమానే పుట్టలేదు. నోట్‌బుక్ మూలల్లో బొమ్మలేసి గబగబా పేజీలు వదిలారంటే మీరూ యానిమేషన్ చేసినట్టే.

[దృశ్యం: ఫ్లిప్ బుక్ పేజీలు బొటనవేలి కింద నుంచి జారుతుంటాయి. పుల్లల మనిషి చెయ్యి ఊపుతాడు.]

వాయిస్: కిటుకు చిన్నదే. కొద్ది కొద్ది తేడాలున్న బొమ్మలు వెంటవెంటనే కనబడితే మన మెదడు వాటిని కలిపేసి కదలికగా చూస్తుంది. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు, అంటే విడివిడి చిత్రాలు, కనబడతాయి. యానిమేటర్లు చాలాసార్లు ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచుతారు. అంటే సెకనుకు 12 బొమ్మలు. పిల్లలకు ఈ లెక్క చాలు.

ఈ లెక్క దగ్గరే అసలు సంగతి ఉంది.

నోటితో కథ చెప్పమంటే పిల్లలు ఆగరు. "తర్వాత రాక్షసుడొచ్చాడు, తర్వాత రాకెట్టొచ్చింది, తర్వాత ఇంకో రాక్షసుడొచ్చాడు..." మాటలకు ఖర్చు లేదు కదా! యానిమేషన్‌లో ఒక్క నిమిషం కథకు 720 ఫొటోలు. రాకెట్టును తెర మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడపాలంటే 40 ఫొటోలు తీయాలి, 40 సార్లు వంగి లేవాలి. ఇరవయ్యో ఫొటో దగ్గర నడుం పట్టుకుని ఆ పిల్లే అడుగుతుంది: "ఈ రాకెట్టు నిజంగా రావాలా?" కథలో ఏది ఉండాలో, ఏది అక్కర్లేదో తేల్చుకోవడం పెద్ద రచయితలకే ఓ పట్టాన చేతకాదు. ఇక్కడ దాన్ని నడుంనొప్పి నేర్పేస్తోంది.

[దృశ్యం: స్కేలు పక్కన రబ్బరు. పైన ఒకసారి, కింద ఒకసారి, అదే దూరం నడుస్తుంది.]

వాయిస్: ఇప్పుడు ఈ రెండూ చూడండి. దూరం ఒకటే, పది సెంటీమీటర్లు. పైన 20 ఫొటోలు, ఒక్కోసారి అర సెంటీమీటరు జరిపాం. కింద నాలుగే ఫొటోలు, ఒక్కోసారి రెండున్నర సెంటీమీటర్లు. పైనది అలిసిపోయినట్టో, బెదురుతున్నట్టో కాళ్లీడుస్తోంది. కిందది ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతోంది. కోపం, బెరుకు, బద్ధకం అన్నీ ఆ సెంటీమీటర్లలోనే ఉన్నాయి. ఇది కనిపెట్టిన పూట పిల్లల మొహం చూసి తీరాలి!

ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ అనే ఇద్దరు డిస్నీ యానిమేటర్లు 1981లో తమ పుస్తకంలో యానిమేషన్‌కు 12 సూత్రాలు రాశారు. పిల్లలకు మాత్రం ఆ జాబితా చేతిలో పెట్టకండి, హోంవర్క్ అనుకుంటారు. ఒక్కటి చూపిస్తే చాలు: దూకే ముందు వెనక్కి తగ్గడం. యానిమేటర్ల భాషలో యాంటిసిపేషన్. మీ పిల్లల్నే ఓసారి ఎగిరి దూకమనండి. ముందు మోకాళ్లు వంచుతారు కదా, అదే.

[దృశ్యం: ఇద్దరు పిల్లలు. ఒకరు రబ్బరు జరుపుతుంటే ఇంకొకరు ఫోను దగ్గర.]

"చెయ్యి తీశావా?"
"తీశా."
క్లిక్.
"చెయ్యి తీశావా?"
"ఆఁ... ఉండు ఉండు!"
క్లిక్.
"వేలు పడింది."

వాయిస్: వేలు పడుతుంది. ఎవరి మోచెయ్యో తగిలి బల్ల కదులుతుంది. కిటికీ పక్కన తీస్తే వెలుతురు మారి వీడియో మినుకు మినుకుమంటుంది. అందుకే కర్టెన్ వేసి టేబుల్ లైటు పెట్టుకోండి. ఫోనును రెండు పుస్తకాల దొంతరల మధ్య బిగించండి. స్టాప్ మోషన్ స్టూడియో లాంటి యాప్‌లలో ముందు తీసిన ఫొటో మసకగా పైన కనబడే ఏర్పాటు ఉంటుంది, ఆనియన్ స్కిన్ అంటారు. బొమ్మ ఎంత జరిగిందో దాంతో తెలిసిపోతుంది. మరీ చిన్నపిల్లలైతే పది పదిహేను ఫొటోలకే ఆపేయండి. వెంటనే వేసి చూపించండి.

పెద్దవాళ్ల వల్ల వచ్చే చిక్కు మాత్రం వేరు. "అలా కాదు, ఇటివ్వు" అని చెయ్యి పెట్టేస్తాం. పెట్టకండి. కదలిక కుదుపుగా వస్తే రానివ్వండి. కథ ఎటూ పోకుండా ఆగిపోతే "తర్వాత ఏమైంది?" అని కూడా అడగొద్దు, మళ్లీ రాక్షసులొస్తారు. "దానికేం కావాలి?" అని అడగండి. రబ్బరుకు అవతలి బల్ల మీదున్న పెన్సిల్ కావాలి. మధ్యలో ఖాళీ ఉంది. అప్పుడిక కథ దానంతటదే కదులుతుంది.

చప్పుళ్లు చివర్న. నోటితోనే చేయమనండి. పిల్లలు పెట్టే "టింగ్, డుబుక్, ఫుస్స్" ముందు నెట్‌లో దొరికే రెడీమేడ్ సౌండ్లు వెలవెలబోతాయి.

[దృశ్యం: మొదటి రబ్బరే. కాగితం అంచున, ఒక సెకను కదలదు. అవతలి బల్ల నుంచి స్కేలు ఒకటి మెల్లగా జారుకుంటూ వచ్చి ఇవతలి అంచు మీద ఆనుతుంది. రబ్బరు దాని మీద ఒక అడుగు వేస్తుంది. తెర వెనక నుంచి పిల్లల గొంతు: "టక్."]