ఫెర్రెట్‌కి మన కంచంలోది పెట్టకండి

అందరికీ నమస్కారం. ఫెర్రెట్‌కి ఏం పెట్టాలో చెప్పమని నన్ను పిలిచారు. అది తప్పకుండా చెప్తాను. కానీ ఇక్కడ టెక్సస్‌లో మన తెలుగు ఇళ్ళ సంగతి తెలిసినదాన్ని కాబట్టి, ఏం పెట్టకూడదో ముందు చెప్పాలి. మన ఇళ్ళలో ఫెర్రెట్ పస్తులతో పాడవదు, ముద్దు ఎక్కువై పాడవుతుంది. పిల్లవాడు బిస్కెట్ ముక్క పెడతాడు. విజయవాడ నుంచి ఆరు నెలలు ఉండిపోదామని వచ్చిన అమ్మమ్మ "పాపం నోరులేనిది" అంటూ పెరుగన్నం పెడుతుంది, నాలుగు ఎండుద్రాక్షలు వేస్తుంది. అది ఎగబడి తింటుంది కూడా. ఇష్టంగా తింటోంది కదా, ఒంటికి మంచిదే అయ్యుంటుంది అనుకుంటాం.

అసలు ఈ జంతువు ఎవరో చూడండి. చూడగానే మనవాళ్ళు ముంగిస అంటారు. ముంగిసకీ దీనికీ దగ్గరి చుట్టరికం లేదు, ఇది మన నీటికుక్క కుటుంబానికి చెందినది. యూరప్ అడవుల్లో తిరిగే పోల్‌క్యాట్ అనే వేటజంతువుని మనుషులు రెండు వేల ఏళ్ళకు పైగా మచ్చిక చేసుకుంటూ వస్తే ఇది తయారైంది. ఎందుకు మచ్చిక చేశారు? కుందేళ్ళ కోసం. స్పెయిన్‌లో కుందేళ్ళు పంటల్ని నాశనం చేస్తుంటే, ఇలాంటి జంతువుల మూతికి చిక్కం కట్టి కలుగుల్లోకి వదిలేవారని గ్రీకు భూగోళవేత్త స్ట్రాబో ఆ కాలంలోనే రాశాడు. చిక్కం ఎందుకంటే, లోపలే కుందేలుని తినేసి అక్కడే పడుకుంటుందని.

వేటాడి తినే ఈ బతుకు దాని పేగుల్లోనే ఉంది. ఆకూ గడ్డీ తినే కుందేలుకి పీచును పులియబెట్టే పెద్ద తిత్తి ఒకటి పేగుల్లో ఉంటుంది. ఫెర్రెట్‌కి ఆ తిత్తే లేదు. పేగు పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది. అంత తక్కువ వ్యవధిలో అది మాంసకృత్తులనీ కొవ్వునీ బాగా పీల్చుకోగలదు. అన్నం, చిలగడదుంప, బఠాణీ, అరటిపండు మాత్రం దానికి పనికిరావు. పాలలోని చక్కెర కూడా దానికి సరిగా అరగదు, విరేచనాలవుతాయి. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష, జైలిటాల్ అనే తీపి పదార్థం కలిపిన చూయింగ్ గమ్, ఇవి విషాలే అనుకోండి. ఎండుద్రాక్షను ఒకప్పుడు ఫెర్రెట్ పెంచేవాళ్ళే చిరుతిండిగా పెట్టేవారు, ఇప్పుడు ఆ పని మానేశారు.

తీపి గురించి కాస్త ఆగి చెప్పాలి. అమెరికాలో మూడు నాలుగేళ్ళు దాటిన ఫెర్రెట్లలో తరచుగా కనిపించే జబ్బు ఇన్సులినోమా. క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు గడ్డ కడతాయి, ఇన్సులిన్ అదుపులేకుండా వస్తుంది, రక్తంలో చక్కెర పడిపోతుంది. మన ఇళ్ళలో అందరికీ తెలిసిన షుగర్ జబ్బుకి ఇది సరిగ్గా ఎదురు. ఏళ్ళ తరబడి పిండిపదార్థాలు, తీపి తినడం ఇందుకు దోహదం చేస్తుందని చాలామంది పశువైద్యుల అనుమానం. లక్షణాలు గుర్తుపెట్టుకోండి. ఎక్కడో చూస్తూ ఉండిపోతుంది. వెనక కాళ్ళు ఈడుస్తుంది. చొంగ కారుస్తుంది, ముందు కాళ్ళతో మూతి గోక్కుంటుంది. పడిపోతే చిగుళ్ళకి కొంచెం తేనె రాయండి. గొంతులో పోయకండి, స్పృహ లేనప్పుడు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తేరుకోగానే మాంసం ఉన్న తిండి కొంచెం పెట్టి, వెంటనే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళండి. తేనె ఆ ఒక్క గండానికే. మామూలు రోజుల్లో అదే తేనె ఇన్సులిన్‌ని ఇంకా ఎగదోస్తుంది.

ఇప్పుడు ఏం పెట్టాలి? ఎక్కువమందికి కుదిరేది మంచి డ్రై ఫుడ్. సంచి తిప్పి వెనక చదవండి. మాంసకృత్తులు 35 శాతం లేదా ఆ పైన, కొవ్వు 18 నుంచి 20 శాతం, పీచు 3 శాతానికి మించకూడదు. పదార్థాల వరసలో మొదటి రెండు మూడు పేర్లు కోడి, టర్కీ, గొర్రె లాంటివి ఉండాలి. ముందువైపు "ధాన్యం లేదు" అని పెద్ద అక్షరాలతో ఉంటే మురిసిపోకండి. ధాన్యం తీసేసి ఆ చోట బఠాణీలూ పప్పులూ నింపిన సంచులు చాలా ఉన్నాయి. అప్పుడు 35 శాతంలో ఎంత మాంసానిదో ఎంత బఠాణీదో ఆ అంకె చెప్పదు. ఫెర్రెట్ తిండి దొరక్కపోతే మాంసం ఎక్కువున్న పిల్లికూనల తిండి పెట్టొచ్చు. కుక్క తిండి వద్దు, దీనికి కావలసినంత మాంసకృత్తులూ, మాంసంలో దొరికే టారిన్ అనే పోషకమూ అందులో ఉండవు.

మాంసం వండని ఇళ్ళవాళ్ళు కూడా ఇక్కడ ఉన్నారు, మీతో సూటిగా మాట్లాడతాను. ఫెర్రెట్‌ని శాకాహారిగా పెంచలేం. మొక్కల ప్రొటీన్ ఎక్కువైతే మూత్రం క్షారంగా మారి రాళ్ళు కడతాయి. మగవాటికి మూత్రం అడ్డుపడితే ప్రాణం మీదికొస్తుంది. అది ఇంకో ప్రాణి మాంసం తినడం మీ మనసు ఒప్పుకోకపోతే, అది గౌరవించాల్సిన విషయమే. అప్పుడు కుందేలునో గినీపిగ్‌నో తెచ్చుకోండి. వండటం, తాకటం మాత్రమే ఇబ్బందైతే, డ్రై ఫుడ్ డబ్బా విడిగా పెట్టుకుని, దానికో చెంచా కేటాయిస్తే రోజు గడిచిపోతుంది.

మాంసం వండే ఇళ్ళలో పొరపాటు ఇంకో రకం. బోన్‌లెస్ చికెన్ ఉడకబెట్టి రోజూ అదే పెడతారు. చిరుతిండిగా ఉప్పుకారం లేని ముక్క చాలా మంచిది, ఉడికించిన గుడ్డు కూడా. కానీ ఒట్టి కండలో కాల్షియం దాదాపు లేదు, అదే పూర్తి భోజనమైతే ఎముకలు పాడవుతాయి. పోనీ కూరలో ఎముక వేద్దామంటే, ఉడికిన ఎముక సూదుల్లా విరిగి పేగు చీలుస్తుంది. అడవిలో పోల్‌క్యాట్ ఎలకని తోలు, ఎముక, కాలేయంతో సహా తింటుంది, అందుకే అక్కడ లెక్క సరిపోతుంది.

ఆ లెక్కతోనే పచ్చి మాంసం పెట్టేవాళ్ళున్నారు. సరిగ్గా చేస్తే పళ్ళకీ మంచిదే. కానీ ఇప్పుడు నేను దాన్ని ప్రోత్సహించలేను. లండన్‌లో 1933లో మనుషుల ఫ్లూ వైరస్‌ని మొదటిసారి వేరుచేసింది ఫెర్రెట్లలోనే, వాటికి ఫ్లూ అంత సులువుగా అంటుకుంటుంది. 2024 చివర్లో ఇదే దేశంలో పచ్చి మాంసంతో చేసిన పెంపుడు జంతువుల తిండి వల్ల హెచ్5ఎన్1 బర్డ్ ఫ్లూ సోకి పిల్లులు చనిపోయాయి. ఫ్రీజర్‌లో పెడితే ఆ వైరస్ చావదు, బాగా ఉడికిస్తేనే చస్తుంది. అలాగే ఇంట్లో ఎవరికైనా ఫ్లూ ఉంటే, వాళ్ళు దాని గిన్నె ముట్టుకోకుండా చూడండి.

పూటకింతని కొలిచి పెట్టడం దీనికి కుదరదు. రోజుకి ఎనిమిది పదిసార్లు కొంచెం కొంచెం తింటుంది, కాబట్టి గిన్నెలో ఎప్పుడూ ఉంచండి. సోఫా కింద దాచుకున్నది మాత్రం వెతికి తీసేయండి. చలికాలం ముందు బరువు పెరిగి వసంతంలో తగ్గితే కంగారు పడకండి. నీళ్ళు బరువైన గిన్నెలో పెట్టండి, సీసా కన్నా గిన్నెలోనే బాగా తాగుతాయి.

చివరిగా, తిండి మార్చడం. పుట్టిన మొదటి ఆరు నెలల్లో ఏ వాసన అలవాటైతే అదే దానికి తిండి, కొత్తది ఎదురుగా ఉన్నా గుర్తుపట్టదు. అందుకే చిన్నప్పుడే రెండు మూడు రకాలు కలిపి పెట్టండి, ఒక కంపెనీ సరుకు ఆగిపోతే ఇబ్బందిపడరు. పెద్దదైతే పాత తిండిలో చిటికెడు కొత్తది పొడిచేసి, గోరువెచ్చని నీళ్ళతో తడిపి, వారాల మీద పాళ్ళు మార్చండి. ఆకలైతే అదే తింటుందని పస్తు పెట్టకండి, కొన్ని గంటలకే నీరసించిపోతుంది. వంటింటి త్రాసు మీద వారానికోసారి తూచండి. మీ ఇంట్లో ఉన్న సంచి లేబుల్ ఫోటో ఎవరైనా తెచ్చుంటే ముందుకు రండి, ఇప్పుడే కలిసి చదువుదాం.