ఆ పదకొండు సెంటీమీటర్లు

నమస్కారం. వేదిక మీదున్న పెద్దలకు, కింద కూర్చున్న మిత్రులకు, అందరికీ. మర్యాదలు ఇంతటితో చాలిస్తాను, నేను మొదలుపెడితే ఆపనని తెలిసే నాకు ఇరవై నిమిషాలే ఇచ్చారు. "ఇంట్లో హార్న్ స్పీకర్ తయారు చేసుకోవడం ఎలా" అని కార్డులో వేశారు. చెప్తాను, కానీ ముందు నా కడుపుమంట ఒకటి చెప్పుకోవాలి.

హార్న్ అనగానే ప్రతివాళ్లూ "అబ్బే, అది మైకు సౌండండీ, చెవులు చిల్లులు పడతాయి" అంటారు. మీలోనూ ఉన్నారు, చేతులెత్తక్కర్లేదు, మొహాలు చూస్తే తెలుస్తోంది. సినిమాకి మాటలొచ్చిన కొత్తలో, అంటే 1920ల చివర్లో, యాంప్లిఫయర్లకి ఉన్నవే కొద్దిపాటి వాట్లు. వాటితోనే హాలంతా వినపడిందంటే అది హార్న్ చలవే. మామూలు స్పీకర్ మనమిచ్చే పవర్‌లో నూటికి ఒక వంతు ధ్వనిగా మారిస్తే గొప్ప, మిగతాదంతా వేడి. హార్న్ అంటే బాకా ఆకారం గొట్టం, స్పీకర్ కదిపే గాలిని ఇరుకు గొంతులో పట్టి, క్రమంగా వెడల్పు చేస్తూ వదుల్తుంది. ఒక్క వాట్‌కి మీటరు దూరంలో మామూలు స్పీకర్ 87 డెసిబెల్స్ ఇచ్చేచోట మంచి హార్న్ 102 ఇస్తుంది. ఆ 15 తేడా అంటే ముప్ఫై రెట్ల పవర్!

మరి మైకులా ఎందుకు అరుస్తుంది? నా మొదటి హార్న్ సంగతి చెప్తాను. 300 హెర్ట్‌జ్‌కి, అంటే సెకనుకి 300 కంపనాలున్న స్వరం నుంచి పైవన్నీ పలికేలా, లెక్క వేశాను. అంగుళం వ్యాసం గొంతు, ప్రతి 6.3 సెంటీమీటర్లకీ వైశాల్యం రెట్టింపు కావాలి, 48 సెంటీమీటర్ల పొడవు. నోరు చుట్టుకొలత ఒక తరంగం పొడవంత ఉండాలి, అంటే నోటి వ్యాసం 36. అన్నీ సరిగ్గా చేశాను. తీరా చూస్తే అల్మరాలో పట్టలేదు. ఏముందిలే అని రంపం తీసుకుని చివరి పదకొండు సెంటీమీటర్లు కోసేశాను.

నోరు 36 నుంచి 20కి వచ్చేసింది. పదకొండు సెంటీమీటర్లలో అంత పోతుందని కోసేటప్పుడు తట్టలేదు, ఎక్స్‌పొనెన్షియల్, అంటే ఇలా రెట్టింపవుతూ పోయే ఆకారం, చివర్లోనే కదా విచ్చుకునేది! పాట పెడితే గాయని ముక్కు మూసుకుని బకెట్‌లోంచి పాడినట్టుంది. ఒకసారి రెండు చేతులూ దొప్పలా చేసి నోటికి అడ్డం పెట్టుకుని మాట్లాడండి... ఇప్పుడే, అందరూ. ఆఁ, అదే! నోరు చాలకపోతే తరంగం బయటికి పోకుండా అంచు దగ్గర వెనక్కి తన్నుతుంది. ఆర్నెల్లు డ్రైవర్ని, అంటే గొంతు దగ్గర బిగించే స్పీకర్ యూనిట్‌ని, తిట్టుకున్నాను పాపం.

రెండోది పాత పేపర్లతో చేశాను. రెండేసి సెంటీమీటర్లకి, ఆ చోట ఉండాల్సిన వెడల్పుకి, ఒక అట్ట చక్రం కోసి కర్రకి గుచ్చి, సందులు నింపి, పైన ప్లాస్టిక్ కవర్ చుట్టి, జిగురులో ముంచిన పేపరు ముక్కలు పొర మీద పొర అతికించడమే. తొందరపడి ఒకేరోజు పది పొరలేస్తే లోపల ఆరదు, బూజు పడుతుంది, అదీ అయింది నాకు. ఎండాక వేలి కణుపుతో కొట్టి చూడండి, "డబ్" మనాలి. ఖణేల్‌మంటే ఇంకో రెండు పొరలు.

బేస్‌కి, అంటే బాగా కింది స్వరాలకి, ఇదే లెక్క వేస్తే గుండె ఆగుతుంది, 50 హెర్ట్‌జ్‌కి నోరు రెండు మీటర్ల పైమాటే. పాల్ క్లిప్ష్ అనే అమెరికన్ స్పీకర్ ఇంజనీరు 1940లలోనే దీనికో ఉపాయం చూశాడు, హార్న్‌ని మడతపెట్టి పెట్టెలో పెట్టి, గది మూలలోని గోడల్నే చివరి భాగంగా వాడుకున్నాడు. కోసెయ్యలేదు, చూశారా? గదినే కలుపుకున్నాడు.

టైమైందంటున్నారు. ఒక్కమాట, కంప్రెషన్ డ్రైవర్‌కి, అంటే హార్న్ గొంతుకి బిగించే ఆ యూనిట్‌కి, వరసలో కెపాసిటర్ లేకుండా యాంప్లిఫయర్ ఆన్ చెయ్యకండి, ఆ ఒక్క "ధబ్" చాలు లోపల కంపించే పల్చటి పొర, డయాఫ్రమ్, చిరగడానికి. మిగతా స్లైడ్లు వదిలేద్దాం. కోసిన హార్న్ కూడా తెచ్చాను, అదుగో ఎడమవైపుది. ఒకే పాట, ఒకే డ్రైవర్, ముందు దాన్లో, తర్వాత పెద్దదాన్లో. వెనకవాళ్లు కాస్త ముందుకి రండి, ఆ ఫ్యాన్ ఎవరైనా ఆపండి.