మూడో ఏడు ఎలా గడుస్తుంది?

(మహబూబాబాద్ జిల్లాలో కొత్తగా ఆయిల్‌పామ్ వేయబోతున్న రైతుల సమావేశంలో, దమ్మపేట ప్రాంత రైతు ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. మానుకోట రైతులకు, ఇక్కడున్న హార్టికల్చర్ సార్లకు, వెనక వరసలో నిలబడ్డ అక్కలకు కూడా. అక్కలూ, ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. ఈ తోటలో మొదటి మూడేళ్లు ఎక్కువ చాకిరీ మీ మీదే పడుతుంది, అందుకే మీరు వినాలి.

ఇందాక నేను లోపలికి వస్తుంటే ఒక అక్క ఆపి అడిగింది. "అన్నా, ఎకరానికి ఎంతిస్తరు?" నాకు తెలిసిన లెక్క చెప్పాను. ఆమె అంతా విని మళ్లీ అడిగింది. "మరి గెల వచ్చేదాంక మేమేం తినాలె?" నేను రాసుకొచ్చిన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. ఆ రెండో ప్రశ్న గురించే మాట్లాడతాను.

ముందు ప్రభుత్వం ఏమిస్తుందో చెబుతాను, అది తెలియాలి. 2021 ఆగస్టులో కేంద్రం వంట నూనెల జాతీయ మిషన్ కింద ఆయిల్‌పామ్ పథకాన్ని ఆమోదించింది. మొత్తం 11,040 కోట్లు, అందులో కేంద్రం వాటా 8,844 కోట్లు, మిగతాది రాష్ట్రాలది. అంతకు ముందు మొక్కల కోసం హెక్టారుకు 12 వేలు ఇచ్చేవారు. దాన్ని 29 వేలు చేశారు. మన దగ్గర రైతు మొక్కకు 20 రూపాయలు కడితే చాలు, మిగతాది సబ్సిడీ. ఎకరాకు 57 మొక్కలు పడతాయి కాబట్టి మీ జేబులోంచి పోయేది 1,140 రూపాయలు. డ్రిప్‌కు ఎస్సీ, ఎస్టీ రైతులకు నూటికి నూరు, బీసీలకు, చిన్న సన్నకారు రైతులకు 90 శాతం, మిగతా వాళ్లకు 80 శాతం సబ్సిడీ. ఇవి కాక నాలుగేళ్ల పాటు తోట సంరక్షణకు హెక్టారుకు ఏటా 5,250, అంతర పంటలకు ఇంకో 5,250. ఎకరా లెక్కన రెండూ కలిపి ఏడాదికి 4,200.

చిన్న సాయమేమీ కాదిది. నేను 2008లో అయిదు ఎకరాలు పెట్టినప్పుడు ఇందులో సగం కూడా లేదు. ఇచ్చిన ప్రభుత్వాలకు నేను మనస్ఫూర్తిగా దండం పెడతాను. కానీ ఆ 4,200ను పన్నెండు నెలలకు పంచి చూడండి. ఎకరాకు నెలకు 350 రూపాయలు. మీ ఊళ్లో ఒక మంచి భూమికి ఎకరా కౌలు ఎంతో మీకు తెలుసు. ఆ కౌలు పక్కన ఈ 350ని పెట్టి చూస్తే, అక్క అడిగిన ప్రశ్న ఎంత పెద్దదో అర్థమవుతుంది.

ఇప్పుడు తోట లోపలికి వెళ్దాం. మొక్కకూ మొక్కకూ తొమ్మిది మీటర్లు, త్రికోణ పద్ధతిలో నాటతాం. అలా నాటితే వరసకూ వరసకూ మధ్య ఏడు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు వస్తుంది. మొదటి ఏడాది మొక్క చుట్టూ మీటరు పాదు వదిలితే సరిపోతుంది. మధ్యలో బోలెడు జాగా. మిర్చి వేసుకోవచ్చు, కూరగాయలు, బంతి, ఏదైనా. రెండో ఏడాది రెండు మీటర్లు వదలాలి. జాగా తగ్గుతుంది, అయినా పంట వస్తుంది. మూడో ఏడాదికి పాదు మూడు మీటర్లు. రెండు వైపులా మూడేసి మీటర్లు పోతే నడుమ మిగిలేది రెండు మీటర్లు కూడా ఉండదు. మట్టలు అప్పటికి అడ్డంగా చాచుకుని ఉంటాయి. ఆ నీడలో మిర్చి కాయదు. మట్టలు నరికి పంట వేద్దామనుకునేవాళ్లు ఉన్నారు. దయచేసి ఆ పని చేయొద్దు. ఆకు తగ్గితే చెట్టు బలం తగ్గుతుంది, ఆ నష్టం గెలలో కనబడుతుంది.

అంటే ఏమయింది? మూడో ఏడాదికి అంతర పంట పోయింది. గెల ఇంకా రాలేదు. రెండున్నర ఏళ్లు నిండేదాకా వచ్చిన పూతను మనమే తీసేయాలి, అప్పుడే మొద్దు లావెక్కుతుంది. చేతికొచ్చిన పూతను చేతులతో తీసి పారేస్తుంటే ఇంట్లో వాళ్లకు కడుపు తరుక్కుపోతుంది. మా ఇంటావిడ మొదటిసారి ఆ పని చేయనని కూర్చుంది. సరిగ్గా ఆ ఏడాదే ఎరువు ఖర్చు పెరుగుతుంది, నీళ్ల అవసరం పెరుగుతుంది, ఇంట్లో దాచుకున్నది అయిపోతుంది. ప్రభుత్వం ఇచ్చేది మాత్రం మొదటి ఏడాది ఎంతో మూడో ఏడాదీ అంతే.

నా సంగతే చెబుతాను. మాకు అప్పుడు ఒకటే బోరు. మూడో ఎండాకాలం ఏప్రిల్‌లో అది ఆగి ఆగి పోసింది, మే వచ్చేసరికి ఎండిపోయింది. రెండు పాడి గేదెల్ని అమ్మి ఇంకో బోరు వేయించాను. నీళ్లు పడ్డాయి. వానలు వచ్చాయి, చెట్లు మళ్లీ పచ్చగా అయ్యాయి, గండం గడిచిందనుకున్నాం. గడవలేదు. ఆయిల్‌పామ్‌లో ఆడ పూతో మగ పూతో చెట్టు లోపల దాదాపు రెండేళ్ల ముందే ఖాయమవుతుంది. ఈ ఏడాది దప్పికపడ్డ చెట్టు రెండేళ్ల తర్వాత మగ పూత వేస్తుంది. మగ పూతకు గెల ఉండదు. పక్క తోటలో ట్రాక్టర్లు నిండుతుంటే మా తోటలో చెట్టు చెట్టుకీ మగ పూతే. రెండు గేదెలు పోయిన ఎండాకాలం, ఇంకో ఏడాది ఆదాయాన్ని కూడా అప్పుడే తీసుకుపోయిందని మాకు అప్పుడు తెలిసింది.

అందుకే నీళ్ల దగ్గర మొహమాటం లేకుండా చెబుతున్నాను. కాపుకొచ్చిన చెట్టుకు రోజుకు 150 నుంచి 200 లీటర్లు కావాలి, ఎండాకాలం అంతకంటే ఎక్కువ. 200 చొప్పున వేసుకుంటే ఎకరాకు రోజుకు 11,400 లీటర్లు. వానాకాలంలో బోరు ఎంత పోస్తుందో చూసి లెక్క వేయకండి. మే నెలలో, కరెంటు ఉన్న గంటల్లో, ఎంత పోస్తుందో చూసి ఎన్ని ఎకరాలు పెట్టాలో నిర్ణయించుకోండి. మూడెకరాలకు సరిపోయే నీళ్లుంటే మూడెకరాలే పెట్టండి. సబ్సిడీ వస్తోంది కదా అని పదెకరాలు పెట్టిన వాళ్లను చూశాను. పదింటిలో ఏ ఎకరమూ సరిగా ఎదగలేదు.

డ్రిప్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మా పక్క ఊరి రైతుకు జూలైలో మొక్కలు ఇచ్చారు. డ్రిప్ మంజూరయిందన్నారు. ఏప్రిల్ వచ్చినా పైపులు రాలేదు. కుటుంబమంతా బిందెలతో పోసి సగం మొక్కల్ని కాపాడుకున్నారు. ఏ ఆఫీసు, ఎవరు అనేది ఇక్కడ అనవసరం. డ్రిప్ భూమిలో పడ్డాకే మొక్క ట్రాక్టర్ ఎక్కించండి. అధికారులు టార్గెట్ ఉందని తొందర పెడితే, వాళ్లకూ పైనుంచి టెన్షన్ ఉంటుంది, కోప్పడకుండా మర్యాదగా చెప్పండి, కానీ ఆగండి.

మొక్క విషయంలోనూ తొందరొద్దు. నర్సరీలో పన్నెండు నెలలు దాటిన మొక్కే తీసుకోండి. మొలకెత్తిన విత్తనం మలేషియా, థాయ్‌లాండ్, కోస్టారికా లాంటి దేశాల నుంచి వస్తుంది, ఇక్కడ పెంచుతారు. పెంచేటప్పుడు తేడాగా ఎదిగిన మొక్కల్ని ఏరి పారేయాలి. అలా ఏరకుండా పంపితే, ఆ తేడా మీకు నాలుగో ఏడాది దాకా తెలియదు. పత్తి విత్తనం నకిలీ అయితే ఒక సీజన్ పోతుంది. ఇక్కడ నాలుగేళ్లు పోతాయి. రసీదు, మొక్కలు ఇచ్చిన తేదీ, బ్యాచ్ వివరం, తోటలో దించిన రోజు ఫోటో, అన్నీ భూమి పాస్‌బుక్‌తో పాటు బీరువాలో పెట్టండి.

సార్లు ఉన్నారు కాబట్టి ప్రభుత్వానికి చేరాల్సిన మాటలు కూడా చెబుతాను. నాకు మామిడి కూడా ఉంది, అది హార్టికల్చర్ మిషన్ కింద పెట్టింది. చాలా ఏళ్లు ఆ పథకంలో సబ్సిడీని మూడు ముక్కలు చేసి ఇచ్చారు. మొదటి ఏడాది 60 శాతం, తర్వాత రెండేళ్లు 20 చొప్పున. రెండో ఏడాది 75 శాతం మొక్కలు బతికి ఉండాలి, మూడో ఏడాది 90 శాతం. పోయిన చోట మళ్లీ నాటుకుని ఆ లెక్క తేవాలి. మొక్క నాటినందుకు కాకుండా బతికించినందుకు డబ్బివ్వడం మంచి ఆలోచనే, నేను ఒప్పుకుంటాను. కానీ నా మొక్కలు పోయింది నిర్లక్ష్యం వల్ల కాదు, నీళ్లు లేక. సరిగ్గా నీళ్ల ట్యాంకరు కొనాల్సిన నెలలో, మొక్కలు తక్కువున్నాయని డబ్బు ఆగిపోయింది. ఉపాధి హామీ కింద అనంతపురం వైపు మామిడి, చీనీ తోటలు వేసినప్పుడు గుంత తీసిన కూలితో పాటు మూడేళ్లు నీళ్లు పోసే ఖర్చునూ లెక్కలో పెట్టారు. అంత తక్కువ వాన కురిసే జిల్లాలో పేద రైతు పొలంలో చెట్టు నిలబడిందంటే ఆ నీళ్ల కూలి వల్లే. ఆయిల్‌పామ్‌లో కూడా నాలుగేళ్లకు సమానంగా పంచే బదులు, మూడో ఏడాదికి ఎక్కువ పెట్టండి. నాలుగేళ్లకు కలిపి ఎకరాకు ఇచ్చే అదే 16,800లో అటూ ఇటూ సర్దినా సరే, రైతుకు ఊపిరి ఆడుతుంది. మాలో కొందరికి ఒక ఏడాది డబ్బు మరుసటి ఏడాది పడింది. మూడో ఏడాదిది నాలుగో ఏడాదిలో వేస్తే, అప్పటికి ఆ రైతు వడ్డీకి తెచ్చేసి ఉంటాడు.

ఇంకొకటి కౌలు రైతుల మాట. ఈ హాల్లో కౌలుకు చేసేవాళ్లు కనీసం పది మందైనా ఉంటారు. పాస్‌బుక్ లేనిదే మొక్క రాదు. సరిహద్దు దాటితే ఆంధ్రలో 2019 చట్టం కౌలు రైతుకు కార్డు ఇస్తోంది, కానీ ఆ ఒప్పందం 11 నెలలకే. ముప్పై ఏళ్లు బతికే చెట్టును 11 నెలల కాగితం మీద ఎవరు నాటుతారు? కౌలుకిచ్చిన భూముల్లో యజమానులు ఆయిల్‌పామ్ పెడితే సబ్సిడీ వాళ్లకు వెళ్తుంది, పదేళ్లుగా ఆ పొలం చేసిన మనిషి రోడ్డు మీద పడతాడు. మా మండలంలో ఇది జరిగింది, నాకు తెలిసిన కుటుంబాలకే జరిగింది. మొదటి నాలుగేళ్లు అంతర పంట చేసుకునే హక్కు, దానికి ఎకరాకు ఏటా ఇచ్చే 2,100 అయినా ఆ కౌలు రైతుకే ఇవ్వమని రాతపూర్వకంగా అడుగుతున్నాం. మీరూ అడగండి.

ధర గురించి రెండు మాటలు. చట్టం ప్రకారం మీ మండలాన్ని ఒక కంపెనీకి జోన్‌గా ఇస్తారు. గెల ఆ ఫ్యాక్టరీకే అమ్మాలి, వాళ్లు కొనాలి, ధర ప్రభుత్వం ప్రకటిస్తుంది. కోసిన 24 గంటల్లో ఫ్యాక్టరీకి చేరాలి, లేదంటే నూనె నాణ్యత పడిపోతుంది. కాబట్టి ఫ్యాక్టరీ ఎంత దూరం, మీ ఊరికి దగ్గరలో కలెక్షన్ సెంటర్ ఎప్పుడు పెడతారు అని ఈ రోజే అడగండి. మన గెల ధరకు తాళం మన ఊళ్లో లేదు. 2022లో ఇండోనేషియా కొన్నాళ్లు పామాయిల్ ఎగుమతి ఆపింది. ఆ రోజుల్లో మాకు టన్నుకు 20 వేలు దాటింది. మరుసటి ఏడాది 13 వేల దగ్గరికి పడింది. 2024 సెప్టెంబర్‌లో కేంద్రం ముడి పామాయిల్ దిగుమతి మీద సుంకం 20 శాతం వేసింది, 2025 మేలో దాన్ని 10కి తగ్గించింది. ధర పడినప్పుడు తేడా భర్తీ చేసే పద్ధతి ఈ పథకంలో ఉంది. అయిదేళ్ల సగటు ముడి పామాయిల్ ధర చూసి, అందులో 14.3 శాతాన్ని గెలకు గిట్టుబాటు ధరగా లెక్కిస్తారు. అది కాగితం మీద ఉన్నంత మాత్రాన ఊరుకోకుండా, మన రైతు సంఘాలు నెల నెలా అడుగుతూ ఉండాలి. కాబట్టి 20 వేల ధర వేసుకుని అప్పు చేయకండి. 12 వేలతో లెక్క వేసుకోండి. నీళ్లు, ఎరువు సరిగా ఇస్తే కాపు ముదిరాక ఎకరాకు ఎనిమిది, పది టన్నులు వస్తుంది. నాలుగో ఏడాది రెండు మూడు టన్నులు వస్తే సంతోషించండి.

నేను ఈ పంటను వద్దనడానికి ఇంత దూరం రాలేదు. నా పిల్లలిద్దరి చదువు ఈ తోటే చదివించింది. కోతి బెడద ఉన్న చోట ఇది నిలబడుతుంది, వడగళ్లకు నేలకొరగదు, నెలకు రెండుసార్లు చేతికి డబ్బు వస్తుంది. పత్తి ఏరే రోజుల్లో మా ఇంట్లో ఉన్న అప్పుల భయం ఇప్పుడు లేదు. అందుకే మీ తోట కూడా మూడో ఏడు దాటాలని నాకుంది.

అక్కా, నీకు జవాబు బాకీ ఉన్నాను. రెండెకరాలు, మరిదితో ఉమ్మడి బోరు అన్నావు. ఈ వానాకాలం ఒక ఎకరమే పెట్టు. రెండో ఎకరంలో నువ్వు ఇప్పుడు వేసే పంటే వెయ్యి. ఆయిల్‌పామ్ పెట్టిన ఎకరంలో మొక్కల మధ్య మొదటి రెండేళ్లు కూరగాయలు వెయ్యి, మిర్చి అయితే పెట్టుబడి ఎక్కువ. వాటిమీద వచ్చిన దాంట్లో కొంత మూడో ఏడాది కోసం వేరే ఖాతాలో వెయ్యి, మీ మహిళా సంఘంలో అయినా సరే. బోరు వాటా గురించి మరిదితో ఇప్పుడే కాగితం రాయించుకో, మంచిగా ఉన్నప్పుడే. మొదటి ఎకరం గెలకు వచ్చాక రెండోది పెట్టుకో, అప్పుడు ఆ ఎకరం కాపు ఈ ఎకరాన్ని సాకుతుంది.

వచ్చే మంగళవారం మా తోటలో కోత ఉంది. పొద్దున ఆరింటికే మొదలు పెడతాం. బస్సులో వస్తే దమ్మపేటలో దిగి ఫోన్ చేయండి, మా అబ్బాయి బండి తీసుకొస్తాడు. మూడో ఏడు తోట కూడా మా పక్కనే ఒకటుంది. ముందు అది చూపిస్తాను, ఆ తర్వాత మాది.